బైపాస్ రోడ్డు మీద సముద్రం

మా సంస్థ పేరు తీర జలక్రీడల ప్రోత్సాహక మండలి. దాని గవ్వలపేట శాఖలో నేను స్టోర్స్ గుమాస్తాని. పేరు కనకలింగం. ఈ కథ మొదలయ్యే నాటికి ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా సముద్రంలో కాలు పెట్టలేదు. మండలిలో అందరి సంగతీ ఇంతే కాబట్టి దీన్ని ఎవరూ లోపంగా చూడరు.

మా శాఖ మొత్తానికి సముద్రంతో పని ఉన్న మనిషి ఒక్కతే. మైలపల్లి నూకరత్నం. జాలరిపేట పిల్ల. విండ్‌సర్ఫింగ్ చేస్తుంది. అంటే, తెరచాప బిగించిన పలక మీద నిలబడి, గాలిని చేత్తో పట్టుకుని నీళ్ల మీద పోవడం. వాళ్ల పేటలో దాన్ని నిలుచునే తెప్ప అంటారు. ఆరేళ్లలో ఆ పలక మీద వెళ్లి పదకొండు మందిని ఒడ్డుకి లాక్కొచ్చింది. మా ఊళ్లో పాత జెట్టీ ఎడమ పక్క నీరు లోపలికి లాగేస్తుంది. అది తెలియని పిక్నిక్ వాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. పదకొండు మంది పేర్లూ నూకరత్నానికి గుర్తులేవు. అందని పన్నెండో పిల్ల పేరు మాత్రం గుర్తుంది.

"జానెడు దూరం బాబూ. సెయ్యి సాపింది, నానూ సాపేను. అంతే," అని ఒకసారి నాతో చెప్పింది. మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

అలాంటి సమయంలో ప్రభుత్వం మా తీరానికి ఒక తీర రక్షక ఉద్యోగం మంజూరు చేసింది. పక్కా ఉద్యోగం, క్రీడల కోటా. విండ్‌సర్ఫింగ్‌లో గంటకి నలభై కిలోమీటర్ల వేగం ఉన్నట్టు మండలి సర్టిఫికెట్ ఇవ్వాలి. వయసు ఇరవై ఎనిమిది దాటకూడదు. నూకరత్నానికి మార్చి ముప్పై ఒకటితో ఇరవై ఎనిమిది నిండుతాయి. అప్పటికి జనవరి. గాలి బాగుంది. పిల్ల సిద్ధంగా ఉంది. ఇక చెడగొట్టడానికి మేమే మిగిలాం.

అదివరకు వేగం కొలవడానికి రెండు బుంగలు నీళ్లలో తేలేసి, వాటి మధ్య ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచీతో చూసేవాళ్లం. దీనిలో మానవ తప్పిదానికి ఆస్కారం ఉందని ప్రధాన కార్యాలయంలో ఎవరో కనిపెట్టారు. జీపీఎస్ పరికరం ఒకటి పంపారు. చేతికి కట్టుకుంటే ఆకాశంలోని ఉపగ్రహాలతో మాట్లాడి వేగం ఎంతో, చోటు ఏదో ఖచ్చితంగా చెబుతుందట. దాని వెంట ఒక ఉత్తర్వు కూడా వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త శాఖలకు తెలియజేయునది ఏమనగా: పరికరము నమోదు చేసిన వేగమే క్రీడాకారుల వేగము. పరికరము నమోదు చేసిన స్థలమే క్రీడ జరిగిన స్థలము. పరికరము నమోదు చేయనిది జరగలేదని భావించవలెను."

మూడే మూడు వాక్యాలు. తరువాత మా ఊళ్లో జరిగినదంతా వీటిలోంచి పుట్టిందే.

నూకరత్నం మాత్రం సంబరపడింది. "మంచిదే కదా బాబూ. నా మాట నమ్మక్కర్నేదు, వోరి మాటా నమ్మక్కర్నేదు. మిసనే సెప్తాది," అంది.

మా డిప్యూటీ డైరెక్టర్ పరంజ్యోతి గారు పరికరాన్ని రెండు చేతులా అందుకుని, స్టాకు రిజిస్టర్లో ఎక్కించమన్నారు. ఈయన గురించి ఒక్క మాట చెప్పాలి. పరంజ్యోతి గారు ఒకరి కాఫీ ముట్టరు. ఎవరినీ పల్లెత్తు మాటనరు. రిజిస్టర్లో చచ్చినా అబద్ధం రాయరు. ఇన్ని మంచి గుణాలు ఉండబట్టే ఆయన చేసే నష్టాన్ని ఎవరూ ఆపలేకపోయారు.

"కనకలింగం గారూ, ఇది ఏ పద్దు కిందికి వస్తుంది?"

"ఎలక్ట్రానిక్ వస్తువులు సార్."

"అయితే స్టోర్స్ నియమావళి పద్నాలుగు చూడండి."

చూశాను. ఎలక్ట్రానిక్ వస్తువులను నీరు, తేమ, ఇసుకలకు దూరముగా, తాళము వేసిన బీరువాలో భద్రపరచవలెను.

"డబ్బా మీద ముప్పై మీటర్ల లోతు దాకా నీళ్లలో పనిచేస్తుందని రాసుంది సార్," అన్నాను.

"డబ్బా ప్రభుత్వ ఉత్తర్వు కాదు కదండీ," అన్నారాయన, ఎంతో సౌమ్యంగా.

పరికరం బీరువాలోకి వెళ్లింది. నూకరత్నం రోజూ వచ్చి బీరువా వంక చూసి వెళ్లేది. మేము ప్రధాన కార్యాలయానికి ఉత్తరం రాశాం. మూడు వారాలకి జవాబొచ్చింది. పరికరం ధరించడం తప్పనిసరి. స్టోర్స్ నియమావళికి మినహాయింపు లేదు. శాఖాధికారి రెండింటినీ సమన్వయపరచుకొనవలెను.

ఈలోగా బీరువాలో ఉన్న పరికరం రోజుల తరబడి గంటకి అర కిలోమీటరు వేగం చూపించింది. ఇలాంటి పరికరాలు కదలకపోయినా కాస్త తడబడతాయట. పరంజ్యోతి గారు దాన్ని నూకరత్నం పేరు మీద నమోదు చేయించారు. ఫిబ్రవరి ఏడు నాటికి రికార్డుల్లో ఆమె వేగం గంటకి అర కిలోమీటరు.

సమన్వయం కూడా ఆయనే కనిపెట్టారు. ధరించాలని ఉంది గానీ ఎవరు ధరించాలో ఉత్తర్వులో లేదు. వస్తువుకి బాధ్యుడు గుమాస్తా. కాబట్టి నూకరత్నం నీళ్లలో పోతుంటే నేను పరికరం కట్టుకుని, తడి తగలకుండా ఒడ్డున గొడుగు వేసుకుని ఆమెతో సమానంగా నడవాలి. నడిచాను. ఆమె కొండగాలి పట్టుకుని కనుచూపు దాటిపోయింది. నేను వలలు ఆరేసిన చోట కాలికి తాడు తగిలి ఆగిపోయాను. నమోదైన వేగం మూడు పాయింటు ఎనిమిది.

"ఉత్సాహం చాలలేదు," అన్నారు పరంజ్యోతి గారు. మర్నాడు పరిగెత్తించారు. నా వయసు యాభై ఆరు. మోకాళ్ల సంగతి మోకాళ్లకే తెలుసు. ఏడు పాయింటు ఒకటి వచ్చింది. "ఒక్క రోజులో ఎనభై ఏడు శాతం అభివృద్ధి" అని ఆయన నివేదిక పంపారు. నూకరత్నానికి ప్రశంసాపత్రం వచ్చింది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నలబైకి ఇంకా ఎంత దూరం బాబూ?" అని అడిగింది.

"నా మోకాళ్లతో అయ్యేది కాదమ్మా," అన్నాను.

మార్చి ఇరవై ఆరున, పరికరం సరిగ్గా పనిచేస్తోందో లేదో జిల్లా కేంద్రంలో తనిఖీ చేయించాలని ప్రధాన కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. పరికరాన్ని చేతికి కట్టుకుని జీపెక్కాను. డ్రైవరు సన్నిబాబు. మా జీపుకి బ్రేకులు అంతంతమాత్రం. అందువల్ల ఎక్కడా ఆగే అవసరం రాకుండా తొందరగా చేరిపోవడమే క్షేమమని సన్నిబాబు సిద్ధాంతం. బైపాస్ ఎక్కాక జీపు ఈల వేసింది. టోల్‌గేటు పక్కన బంగారమ్మ హోటల్ దగ్గర మాత్రం ఎలాగో ఆపి, పెసరట్లు తిన్నాం. ఇరవై రెండు నిమిషాలు. తనిఖీ చేసినవాళ్లు పరికరం అద్భుతంగా ఉందన్నారు.

తిరిగి వచ్చి అందులోని లెక్క తీస్తే గరిష్ఠ వేగం తొంభై నాలుగు పాయింటు మూడు అని వచ్చింది. పరికరం నూకరత్నం పేరు మీద ఉంది.

"సార్, ఇది జీపు వేగం," అన్నాను.

"జీపుకి పరికరం కట్టారా?"

"లేదు సార్. నా చేతికే ఉంది."

"ఈ రిజిస్టర్లో జీపు అనే క్రీడాకారిణి ఉన్నారా?"

"లేరు సార్."

"మరి?" అని ఆయన సర్టిఫికెట్ మీద సంతకం చేశారు. పాపం, తన శాఖ నుంచి ఇంతటి రికార్డు వస్తుందని ఆయన అనుకోలేదు.

నూకరత్నం అది అందుకుని సంతోషించలేదు. "ఇది నాను తోలినది కాదు. మీ జీపు తోలినాది. ఒక్కపాలి నా సేతికి కట్టండి సార్. నలబై దాటకపోతే అడగండి," అంది పరంజ్యోతి గారితో.

"అమ్మా, తొంభై నాలుగు సాధించినవారు నలభైకి దిగజారడం సంస్థకి శోభ కాదు. క్రమశిక్షణా చర్య తీసుకోవలసి వస్తుంది."

నూకరత్నం సర్టిఫికెట్ పట్టుకుని వరండాలోకి వచ్చింది. గడువు ఇంకా మూడు రోజులు. నాకు ఆ పిల్ల ముఖం చూడబుద్ధి కాలేదు. చివరికి, "ఆ జెట్టీ కాడ వొకరు ఉండాలి బాబూ. అది నానే అవ్వాలి. ఎలాగొచ్చినా ఒచ్చినాది," అని దరఖాస్తు ఇచ్చేసింది. ఉద్యోగం వచ్చింది.

అంతా బాగానే ఉందనుకున్నాం. ఉత్తర్వులోని రెండో వాక్యం ఇంకా నిద్ర లేవలేదు.

రికార్డును పరిశీలించడానికి ప్రధాన కార్యాలయంలో సాంకేతిక సంఘం కూర్చుంది. పరికరం గీసిన దారిని పటం మీద పెట్టి చూశారు. క్రీడాకారిణి గవ్వలపేట నుంచి బయలుదేరి, కొబ్బరితోటల మీదుగా, రైల్వే గేటు దాటి, బైపాస్ రోడ్డు మీద గరిష్ఠ వేగం అందుకుని, టోల్‌గేటు దగ్గర ఇరవై రెండు నిమిషాలు నిలిచిపోయారు. గాలి పడిపోయి ఉంటుందని సంఘం భావించింది. తీరానికి ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరాన ఈ క్రీడ ఎలా సాధ్యమని ఒక సభ్యుడు సందేహపడ్డాడట. పరికరం ఖచ్చితమైనదని తామే తనిఖీ చేయించిన సంగతి మిగతావాళ్లు ఆయనకు గుర్తుచేశారు. పరికరం తప్పు కానప్పుడు పటమే తప్పు. "సదరు ప్రాంతమున సముద్రము ఉన్నదని, అది ఇంతవరకు రెవెన్యూ వారి దృష్టికి రాలేదని" తీర్మానించారు.

నెల తిరక్కుండా టోల్‌గేటు దగ్గర ఎర్ర బోర్డు వెలిసింది. హెచ్చరిక. ఇచ్చట అలలు ప్రమాదకరము. లోతుకు వెళ్లరాదు. బంగారమ్మకి తీరప్రాంత నిబంధనల కింద నోటీసు వచ్చింది. ఆవిడ దాన్ని పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నా ఓటేలు సముద్రంలో ఉన్నాదట. ఏటి బాబూ ఇది? పొయ్యిలోకి నీల్లు ఎప్పుడొస్తాయో అదైనా సెప్పండి, ఈలోగా పిండి రుబ్బుకుంటాను."

నోటీసుకి నేనే జవాబు రాసిపెట్టాను. నీరు వెనక్కి తగ్గే ఆటు సమయంలో మాత్రమే హోటల్ నడుపుతామని. ఆ జవాబు సంతృప్తికరంగా ఉందని ఫైలు మూసేశారు.

నూకరత్నం ఉద్యోగాన్ని మాత్రం అలా మూయలేకపోయాం. ఒక్కటే ఉద్యోగం. అత్యధిక వేగం నమోదైన జలప్రదేశంలోనే రక్షకురాలు ఉండాలి. ఆమెను టోల్‌గేటుకి వేశారు.

ఒక రోజు పనిగట్టుకుని చూడ్డానికి వెళ్లాను. లారీలు రెండు పక్కలా పోతున్నాయి. మధ్యలో ఎత్తు కుర్చీ, దానికి తగిలించిన, మునిగేవాళ్లకి విసిరే గాలిచక్రం, కుర్చీలో నారింజరంగు చొక్కాతో నూకరత్నం. మెడలో ఈల. చుట్టుపక్కల తడి అన్నది బంగారమ్మ రుబ్బురోలు దగ్గర తప్ప లేదు. నాకు నవ్వొచ్చింది. తరువాత సిగ్గేసింది.

అంతలో కాలేజీ పిల్లల బస్సు ఒకటి టోల్ కట్టడానికి ఆగింది. నూకరత్నం కుర్చీ దిగి, ఈల వేసి, బస్సులోకి ఎక్కింది.

"గవ్వలపేట ఎల్తన్నారా? ఇనండి. పాత జెట్టీకి ఎడం పక్క దిగొద్దు. మోకాలు దాటి ఎల్లొద్దు. నీరు లాగీసిందంటే ఒడ్డుకి ఎదురీదకండి, పక్కకి ఈదండి. ఏటి నవ్వుతున్నారు? పక్కకి! ఏదీ, అందరూ ఓపాలి సెప్పండి."

"పక్కకి!" అన్నారు పిల్లలు.

బస్సు దిగి నా వైపు చూసింది. "రోజుకి ఇరవై, ముప్పై బస్సులు సెప్తన్నాను బాబూ. ఇన్నోల్లు ఇంటారు. ఇననోల్లకి అక్కడ ఎవులున్నారు?"

 గవ్వలపేటకి మార్చమని ఆమె పెట్టుకున్న అర్జీ పరంజ్యోతి గారి బల్ల మీద నాలుగు నెలలుగా ఉంది. డ్యూటీ చోటు మార్చే అధికారం ఆయనకే ఉంది. ఒక్క సంతకం. "సముద్రం గవ్వలపేటలో ఉన్నదనడం అర్జీదారు వ్యక్తిగత అభిప్రాయం. నమోదిత ఆధారం లేదు," అని ఆయన పెన్సిలుతో రాసి పెట్టుకున్నారు. నిజమే. బీరువాలో ఉన్న పరికరం మా ఊళ్లో సముద్రం ఉన్నట్టు ఎన్నడూ నమోదు చేయలేదు.

వారంలో ఒక సెలవు ఆదివారం. ఆ రోజు నూకరత్నం మా తీరానికి వచ్చేది. సొంత పలక, అతుకులు వేసిన తెరచాప. జెట్టీ దగ్గర సాయంత్రం దాకా అటూ ఇటూ తిరిగేది. చేతికి పరికరం లేదు కాబట్టి ఆమె అక్కడ లేనట్టే.

నవంబరులో ఒక ఆదివారం పరంజ్యోతి గారు తమ బావమరిది కుటుంబంతో పిక్నిక్‌కి వచ్చారు. కుర్చీలు, పులిహోర ఏర్పాట్లకి నేను వెళ్లాను. తీరం దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది. నీళ్లలోకి దిగినవాళ్లు సమయం వేసి సంతకం పెట్టాలి. బయటికి వచ్చాక ఎలా వచ్చారో రాసి మళ్లీ సంతకం పెట్టాలి. ఆ రిజిస్టర్లో సంతకం పెట్టే మనిషి ఆయనొక్కరే. పదకొండు గంటల ఐదు నిమిషాలు అని వేసి, పంచె పైకి కట్టుకుని, ఫొటో కోసం దిగారు. జెట్టీకి ఎడమ పక్క.

"సార్, అటు కాదు!" అని అరిచాను. బావమరిది ఫోన్ పట్టుకుని, "ఇంకొంచెం వెనక్కి బావగారూ," అన్నాడు. ఆయన వెనక్కి వేశారు. ఆ తరువాత ఫొటోలో ఆయన లేరు.

తల ఒకసారి పైకి లేచింది, అప్పటికే దూరంగా. నేను నీళ్ల అంచు దాకా పరిగెత్తి ఆగిపోయాను. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు నా కాళ్లు పట్టుకుంది. ఆ క్షణంలో నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. అప్పుడు ఎడమ నుంచి అతుకుల తెరచాప వచ్చింది. వచ్చిందనడం కంటే, ఒక క్షణం లేదు, మరుక్షణం ఉంది, అంతే. నూకరత్నం పలకని నీటికి వాల్చి, ఒక చెయ్యి చాపింది. ఈసారి అందింది.

ఇసక మీద ఆయన నీళ్లు కక్కుతుంటే ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.  ఏడుస్తోందని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

సోమవారం ఉదయం పరంజ్యోతి గారు మామూలు వేళకే ఆఫీసుకి వచ్చారు. తీరం రిజిస్టర్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. లోపలికి: పదకొండు అయిదు. బయటికి: ఖాళీ. అరగంట తరువాత నన్ను పిలిచారు.

"బయటికి వచ్చిన విధము అనే గడిలో ఏమి రాయాలండీ? స్వయముగా అని రాస్తే అబద్ధం."

"రక్షింపబడి అని రాయండి సార్."

"రాస్తే రక్షించినవారి పరికరం నమోదు జతపరచాలి. ఆమె ధరించారా?"

"లేదు సార్. బీరువాలో ఉంది. నిన్నంతా అర కిలోమీటరు వేగం చూపించింది."

"అంటే ఆమె రాలేదు."

"ఉత్తర్వు ప్రకారం రాలేదు సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అయితే నన్ను ఒడ్డుకి ఎవరు తెచ్చినట్టు?"

"ఎవరూ తేలేదు సార్."

"మరి నేను?"

"రికార్డు ప్రకారం ఇంకా లోపలే ఉన్నారు సార్."

 ఆయన ముఖం పాలిపోయింది. ఆయన్ని అంత భయంతో నేను ముందురోజు నీళ్లలో కూడా చూడలేదు. అప్పుడు నేను నాలుగు నెలల అర్జీ ఫైలు తీసి, రిజిస్టర్ పక్కన మెల్లగా పెట్టాను.

"ఒక దారి ఉంది సార్. విధి నిర్వహణలో ఉన్న రక్షకురాలు కాపాడితే పరికరం అక్కర్లేదు, డ్యూటీ రిజిస్టర్ చాలు. ఆమె డ్యూటీ గవ్వలపేటలో అని, వారపు సెలవు సోమవారానికి మారుస్తూ మీరు ఈ రోజు ఉత్తర్వు ఇస్తే..."

"ఈ రోజు ఇస్తే నిన్నటికి ఎలా?"

"శనివారం నుంచి అమలులోకి వచ్చునట్లు అని రాయొచ్చు సార్. అది అబద్ధం కాదు. పూర్వకాలవర్తింపు."

ఆ మాట వినగానే ఆయన ముఖంలోకి రక్తం వచ్చింది. చక్కటి దస్తూరీతో ఉత్తర్వు రాసి, సంతకం చేసి, ముద్ర వేశారు. ఆ తరువాత రిజిస్టర్ దగ్గరికి లాక్కుని ఖాళీ గడి నింపారు. ఆ విధంగా మా డిప్యూటీ డైరెక్టర్ గారు సోమవారం పదకొండు గంటల నలభై నిమిషాలకు సముద్రం నుంచి బయటికి వచ్చారు.

నూకరత్నం ఇప్పుడు జెట్టీ దగ్గరే కూర్చుంటుంది. బైపాస్ మీది సముద్రం మాత్రం అలాగే ఉంది. దాన్ని ఎండబెట్టే అధికారం జిల్లా స్థాయిలో లేదు. బంగారమ్మ ఆ బోర్డుకి పసుపు రాసి, దాని నీడలో నీళ్లకుండ పెట్టుకుంది.

నూకరత్నం జెట్టీ దగ్గర డ్యూటీలో చేరిన రోజు నేను బీరువా తాళం తీసి, పరికరాన్ని జేబులో వేసుకుని తీరానికి వెళ్లాను. సర్వీసులో నేను చేసిన ఒకే ఒక్క నేరం అది. ఏమీ చెప్పకుండా ఆమె చేతికి కట్టాను. కొండగాలి వీస్తోంది. ఆమె వెళ్లి, కనుచూపు దాటి, తిరిగి వచ్చింది. నేను మోకాళ్ల దాకా నీళ్లలో దిగి ఎదురెళ్లాను.

ఇద్దరం వంగి చూశాం. నలభై ఆరు పాయింటు రెండు.

"సెప్పేనా నేదా?" అంది, చిన్నపిల్లలా నవ్వుతూ.

ఆ అంకెని నేను ఎక్కడా ఎక్కించలేదు. ఎక్కిస్తే తొంభై నాలుగు నుంచి ఎందుకు తగ్గిందని ఆమెకి మెమో వస్తుంది. ఆ ఒక్కటీ చెరిపేసి, పరికరాన్ని తువ్వాలుతో తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేశాను.